సముద్రానికి ఒక కాలు

2022 సెప్టెంబరు. బరంపురంలో వాన వెనకబట్టి, గోసాని నువాగాం సందుల్లో బురద ఎండి దుమ్ముగా మారుతున్న రోజులు. మా వర్క్‌షాపు అక్కడే, ఒక పాత మేడ కింది భాగంలో ఉండేది. ముందు గదిలో పేషెంట్లు పట్టుకుని నడవడానికి రెండు పొడవాటి కడ్డీలు, ఎదురుగా నిలువుటద్దం. వెనక గదిలో ప్లాస్టరు బస్తాలు, ప్లాస్టిక్ కరిగించే ఓవెను, మా టెక్నీషియన్ బిపిన్ అరిచే అరుపులు.

నేను ప్రోస్థెటిస్ట్‌ని. కాలో చెయ్యో పోయినవాళ్లకు అచ్చు తీసి, కొత్తది తయారుచేసి, దానితో బతకడం నేర్పడం నా పని. మా ఇంట్లో తాతల నాటి నుంచి పప్పుల హోల్‌సేలు వ్యాపారం. "కొట్లో కూకోమంటే కాళ్లు సేస్తానంటాదేటి ఈ పిల్ల" అని మా నాన్న చాలాకాలం చుట్టాల దగ్గర చెప్పి నవ్వుతుండేవాడు.

మా దగ్గరికి మాజీ సైనికులు కూడా వస్తారు. వాళ్ల పాలీక్లినిక్ నుంచి చీటీ తెచ్చుకుంటే మేం కాలు చేస్తాం, ఖర్చు వాళ్ల వైద్య పథకం చూసుకుంటుంది. అయితే ట్రైనింగులోనే దెబ్బతిని వెనక్కి వచ్చేసిన కుర్రాళ్ల సంగతి చాలామందికి తెలియదు. ఇంకా పూర్తి సిపాయి కానివాడికి ఏం దక్కుతుంది అని నన్ను చాలామంది అడిగారు. అలాంటి కుర్రాణ్ణి ఇంటికి పంపే ముందు మెడికల్ బోర్డు కూర్చుంటుంది. అతని గాయం శిక్షణ వల్లే తగిలిందని బోర్డు ఒప్పుకుంటే పింఛనూ, వైద్యం కార్డూ వస్తాయి. ఒప్పుకోకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇరవయ్యేళ్ల కుర్రాడి మిగతా బతుకంతా ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది.

దండాసి విషయంలో బోర్డు ఒప్పుకుంది. అతనిది సముద్రపు ఒడ్డున ఉన్న మార్కండి. చేపల వేట చేసే తెలుగు కుటుంబం. వాళ్ల వీధిలో సైన్యానికి ఎంపికైన మొదటి కుర్రాడు. ట్రైనింగులో అడ్డంకుల పరుగు అని ఒకటి ఉంటుంది, గోడలు దూకాలి, గోతులు దాటాలి. ఒక గోడ దూకి లేచేలోపు వెనక దూకినవాడు దండాసి కాలి మీద పడ్డాడు. ఎముకతో పాటు రక్తనాళం కూడా నలిగిపోయింది. మోకాలి కింద తీసేయక తప్పలేదు.

వాళ్లమ్మ నూకమ్మతో కలిసి అతను మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు చంకల కింద కర్రలున్నాయి. కాలు మాత్రం గోనెసంచిలో ఉంది. సంచి విప్పి బల్ల మీద పెట్టాడు. సైనిక ఆసుపత్రివాళ్లు ఇచ్చిన మంచి కాలు అది. సాకెట్ అంటే మిగిలిన కాలిని పెట్టుకునే గిన్నె లాంటి భాగం. దాన్ని పాదానికి కలిపే లోహపు గొట్టం తుప్పుతో పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. పాదం చీలిపోయింది. తిరగేసి దులిపితే గుప్పెడు ఇసుక, దానితో పాటు ఒక చిన్న పీత డెక్క రాలింది.

"ఏటి దండాసీ ఇది? కాల్ని ఎక్కడికి తీసికెళ్లావు?"

అతను తల దించుకున్నాడు. జవాబు వాళ్లమ్మ చెప్పింది.

"సంద్రానికి ఎల్తన్నాడు డాట్రమ్మా. ఆళ్ల మావ బోటు మీద."

నేను డాక్టర్ని కాదని చెప్పాను. ఆవిడ వినలేదు. చివరిదాకా డాట్రమ్మ అనే పిలిచింది.

"సంద్రానికి ఎల్లొద్దని ఆస్పత్రిలో సెప్పలేదేటి నీకు?" అని అతన్ని అడిగాను. మా ఇంటి భాష నా నోటికి అలవాటుగా వచ్చేసింది.

"సెప్పినారు మేడమ్. నీల్లల్లో దింపకూడదు, ఇసకలో నడవకూడదు అన్నారు." బల్ల మీది ఇసుక చూపించాడు. "మా ఊళ్లో నీల్లూ ఇసకా తప్ప ఇంకేటీ లేదు మేడమ్."

నూకమ్మ అప్పుడు నాతో ఒక మాట చెప్పింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కొడుకు నెలల తరబడి గోడ వైపు తిరిగి పడుకున్నాడట. అన్నం పెడితే రెండు ముద్దలు తిని పళ్లెం తోసేసేవాడట. "మొదటి రోజు బోటు మీద ఎల్లొచ్చినాడమ్మా. వొచ్చీసి, అమ్మా ఆకలేస్తంది అన్నాడు. ఆ మాట ఇని నేను పొయ్యికాడ కూకోని ఏడిసినాను."

కొత్త కాలు కావాలని పాలీక్లినిక్‌కి రాశాను. కొద్ది రోజులకే అక్కడి ఇన్‌ఛార్జి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన రిటైరయిన మేజరు, గంజాం జిల్లావారే, నాతో ఒడియాలో మాట్లాడేవారు. మనిషి మర్యాదస్తుడు, కానీ రూలు దాటని మనిషి.

"ఒకసారి కాలు ఇచ్చాక ఇన్నేళ్లు వాడాలని గడువు ఉంటుందమ్మా. మామూలు వాడకంలో పాడైతే వేరే సంగతి. ఇతను తీసుకెళ్లి ఉప్పునీళ్లలో ముంచాడు. పైవాళ్లు దీన్ని దుర్వినియోగం అంటారు."

"అతని పని అదే కదండీ?"

"పనే కావచ్చు. కాలు లేని కుర్రాడు సముద్రంలో వేట చేయడం క్షేమమేనా? క్షేమమని మీరు రాసివ్వండి, నేను పైకి పంపిస్తాను. రేపు అతనికేమైనా అయితే ఆ సంతకం మీది."

ఫోన్ పెట్టేసి కాగితం ముందుకు లాక్కున్నాను. కాదని రాస్తే అతను మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటాడు. అవునని రాస్తే, ఏదో ఒక రోజు నూకమ్మ కొడుకు కోసం ఒడ్డున నిలబడి ఎదురు చూస్తూనే ఉండాల్సి రావచ్చు. అసలు నాకు సముద్రం గురించి ఏం తెలుసు? ఊహ తెలిసినప్పటి నుంచి గోపాల్‌పూర్ వెళ్లి చీర కుచ్చెళ్లు తడవకుండా కెరటాలు చూసి వచ్చిన మనిషిని. చూడకుండా ఏదీ రాయనని మేజరు గారికి కబురు పెట్టాను.

దండాసి కోసం తాత్కాలికంగా ఒక ప్లాస్టిక్ కాలు చేయించి, ఒక తెల్లవారుజామున మార్కండి వెళ్లాను. సూర్యుడు అప్పుడే నీళ్ల లోంచి లేస్తున్నాడు. ఒడ్డున ఫైబర్ బోట్లు వరసగా ఉన్నాయి. దండాసి మేనమామ సిమ్మాద్రి వల సర్దుతున్నాడు. నేను కూడా బోటు ఎక్కుతానంటే చేతిలో వల వదిలేశాడు.

"ఆడోల్లని బోటెక్కించం అమ్మా. మాకు ఆనవాయితీ లేదు."

నూకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆయమ్మ నీ మేనల్లుడి కాలు కోసం ఒచ్చింది. ఆడది ఎక్కకూడదేటి? మరి గంగమ్మ ఆడది కాదేటిరా?"

సిమ్మాద్రి నీళ్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఒక లైఫ్ జాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

బోటును నీళ్లలోకి తోయడం చూశాను. ఇద్దరు ఒక పక్క, దండాసి, అతని మేనమామ ఇంకో పక్క. నేను చేసిన కాలు ఇసుకలో చీలమండ దాకా దిగబడుతోంది. అతను దాన్ని పీకి, పక్కకు తిప్పి, మళ్లీ వేస్తున్నాడు. మా వర్క్‌షాపులో పేషెంటు నడుస్తుంటే పాదం ఎటు తిరిగింది, మోకాలు ఎంత వంగింది అని గమనిస్తాం. దాన్ని మేం గేట్ అంటాం, అంటే నడక తీరు. ఈ నడక తీరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకాల్లో నేల గట్టిగా ఉంటుంది.

బోటు నీటి అంచుకు చేరాక నన్ను ఎక్కించి అందరూ ఆగిపోయారు. కెరటాలు ఒకదాని మీద ఒకటి విరిగిపడుతున్నాయి. ఎవరూ కదలడం లేదు.

"ఎందుకు ఆగినారు?" అన్నాను, బోటులో అంచు పట్టుకుని కూర్చుని.

"పెద్దయి ఎల్లిపోవాల మేడమ్. ఆటి ఎనకాల సన్నయి వస్తాయి. అప్పుడు ఎల్తాం" అన్నాడు దండాసి. అతని కళ్లు దూరాన ఎక్కడో నీటి మీద ఉన్నాయి. నాకు అన్ని కెరటాలూ ఒకేలా కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు!" అని అరిచాడు. అరిచింది అతని మామ కాదు, దండాసే. అందరూ ఒక్కసారి తోశారు. బోటు తేలింది. నలుగురూ ఎగిరి లోపల పడ్డారు, దండాసి అందరికన్నా ఆఖరున. ముందు భాగం ఆకాశం వైపు లేచింది. దబ్బున కిందికి పడ్డాం. ఉప్పునీళ్లు మొహాన కొట్టాయి. ఇంకోసారి లేచాం. ఆ తర్వాత మోటారు చప్పుడు ఒక్కటే మిగిలింది. వెనక్కి తిరిగి చూస్తే విరిగే కెరటాల వీపులు కనిపించాయి. కెరటాన్ని వెనక నుంచి చూడటం నాకు అదే మొదలు. ఒడ్డున నూకమ్మ బొట్టు బిళ్లంత అయిపోయింది.

అప్పుడు దండాసి నేను ఊహించని పని చేశాడు. పట్టీ లాగి కాలు తీసేసి, కూర్చునే పలక కిందికి దోపాడు. పాత టైరు ట్యూబు ముక్క ఒకటి మడిచి పలక మీద వేసి, దాని మీద తెగిన కాలి మోకాలు ఆనించాడు. ఆ కాలిని బోటు పక్కకు బిగించి, రెండో కాలు చాపి నిలబడ్డాడు. అలా కుదురుకున్నాక అతన్ని చూస్తే ఏదో లోపం ఉన్న మనిషని ఎవరూ అనుకోరు. బోటు ఊగుతోంది, అతను దానితో పాటే ఊగుతున్నాడు. రెండు కాళ్లున్న నేను మాత్రం రెండు చేతులతో పలక పట్టుకుని కూర్చున్నాను.

వల లాగుతుంటే కవళ్ల చేపలు వెండి బిళ్లల్లా బోటులో రాలుతున్నాయి. మధ్యలో ఒకసారి కెరటపు నీళ్లు ఎగిరి అతని మోకాలి మీద పడ్డాయి. నవ్వాడు.

"మేడమ్, ఒక మాట అడగమంటారా? ఈ సల్లటి నీల్లు పడితే ఆ కాలి యేళ్లు తెలుస్తాయి నాకు. కదిపితే కదులుతాయి కూడా. ఒడ్డున ఎప్పుడూ మంటే. ఇక్కడే సల్లగా ఉంటాది. నాకు పిచ్చేటి మేడమ్?"

పోయిన అవయవం ఉన్నట్టే తెలియడాన్ని ఫాంటమ్ సెన్సేషన్ అంటారు. మెదడు ఆ కాలిని ఇంకా మరిచిపోదు. ఇది పిచ్చి కాదు, చాలామందికి ఉండేదే అని చెప్పాను. చెప్పాను కానీ, ఎన్నో ఏళ్లుగా పేషెంట్లకు వివరిస్తూ వచ్చిన ఆ సంగతి నాకు అక్కడే మొదటిసారి అర్థమైందేమో అనిపించింది. ఎక్కడో ఆసుపత్రిలో తీసేసిన పాదం ఇక్కడ బంగాళాఖాతంలో చల్లబడుతోంది.

"మరి బోటులో కాలు అక్కర్లేనప్పుడు, కొత్త కాలు ఎందుకు నీకు?" అని అడిగాను.

"బోటులో ఎందుకు మేడమ్? తొయ్యడానికి, దిగడానికి. ఒక్క కాలితో తొయ్యలేను. తొయ్యనోడికి బోటు మీద సోటు ఉండదు. మావ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను."

తిరిగి వస్తున్నప్పుడే అది జరిగింది. ఒడ్డు దగ్గర పడగానే అతను కాలు తగిలించుకున్నాడు. బోటు అడ్డం తిరగకుండా పట్టుకోవడానికి ముందుగా ఒకరు నీళ్లలోకి దూకాలి. దండాసి దూకాడు. నడుం లోతు నీళ్లు. దూకినవాడు నిలబడతాడని చూస్తున్నాను. అతని తల మునిగిపోయింది. నురగలోంచి నేను చేసిన పాదం, అరికాలు పైకి, తేలింది.

సిమ్మాద్రి దూకేశాడు. ఇంకో కెరటం వచ్చి ఇద్దరినీ కప్పేసింది. అది వెళ్లాక దండాసి లేచాడు, దగ్గుతూ, ఉమ్ముతూ, ఒక చేత్తో బోటు అంచు పట్టుకుని. వదల్లేదు దాన్ని.

ఒడ్డున ఇసుకలో కూలబడ్డాను. అతను పక్కన కూర్చుని ముక్కులోంచి నీళ్లు చీదుకుంటున్నాడు.

"ఎప్పుడూ ఇలాగే అవుతాదా?"

"పాత కాలితో కూడా అయ్యేది మేడమ్. కాలు నన్ను తిరగేస్తాది. ఎందుకో తెల్దు."

ఎందుకో నాకు తెలిసింది. సాకెట్ కింద కాలు డొల్ల. లోపలంతా గాలి. నీళ్లలో అది ఖాళీ డబ్బాలా పైకి లేస్తుంది, మనిషి తల కిందికి పోతుంది. గట్టి నేల మీద నడిచేవాడికి కాలు తేలికగా ఉండాలి, అదే మేం గొప్పగా చెప్పుకునే సుగుణం. ఆ తేలికే అతన్ని ముంచుతోంది. ఇన్నాళ్లూ ఇన్నిసార్లు తలకిందులైనా మర్నాడు మళ్లీ దూకిన కుర్రాణ్ణి అలాగే చూస్తుండిపోయాను.

బరంపురం వచ్చాక బిపిన్‌తో కలిసి పని మొదలుపెట్టాం. లోహం ఒక్క ముక్క కూడా లేకుండా, నీళ్ల గొట్టాలు చేసే రకం ప్లాస్టిక్‌తో కాలు. మడమ దగ్గర, పిక్క దగ్గర రంధ్రాలు. నీళ్లలో దిగగానే లోపల నీళ్లు నిండాలి, పైకి రాగానే కారిపోవాలి. పాదం వెడల్పుగా, బాతు పాదంలా, ఇసుకలో దిగబడకుండా. ఒక్క లాగుతో ఊడే పట్టీ, ఎందుకంటే బోటు తిరగబడితే కాలు విప్పుకోవడానికి ఒక్క చెయ్యే ఖాళీగా ఉంటుంది. మొదటిది సరిగ్గా రాలేదు, రంధ్రాలు చిన్నవై ఇసుక పట్టేసింది. రెండోది చర్మాన్ని ఒరుసుకుంది. దండాసి ప్రతిసారీ మార్కండి నుంచి బస్సులో వచ్చి, తప్పెక్కడుందో చూపించి, మళ్లీ వెళ్లేవాడు. ఒక్కసారీ విసుక్కోలేదు.

మూడో కాలు తీసుకుని నేనే వెళ్లాను. ఈసారి బోటు ఎక్కలేదు. ఒడ్డున నూకమ్మ పక్కన నిలబడ్డాను. అతను నడుం లోతు నీళ్లలోకి నడిచాడు. కెరటం వచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. కెరటం విరిగింది. అతను పాతిన గుంజలా అక్కడే నిలబడి ఉన్నాడు. ఇంకోటి విరిగింది. నిలబడే ఉన్నాడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి రెండు చేతులూ పైకెత్తాడు. ఒడ్డుకు నడిచి వస్తుంటే కాలి రంధ్రాల్లోంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి, ఆ ధారల మీద ఎండ మెరుస్తోంది.

"ఓలమ్మా, నా కొడుకు కాలు ఏడుస్తందే" అంది నూకమ్మ. ఏడుస్తున్నది ఆవిడే.

మేజరు గారికి చూసిందంతా రాశాను, అతను మునిగిపోవడంతో సహా. మామూలు కాలితో క్షేమం కాదు, ఈ కాలితో అయితే మిగతా జాలరులకున్నంత క్షేమం అని రాశాను. ఆయన నన్ను ఆఫీసుకి పిలిచారు.

"బోటు మీద నిజంగా వెళ్లారా?"

"వెళ్లానండి."

"భయం వేయలేదా?"

"చచ్చేంత వేసింది."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ట్రైనింగులో మేం కుర్రాళ్లని గోడ దూకమంటాం. ఎందుకని అడగరు, దూకేస్తారు. ఈ కుర్రాడు మేం చెప్పినందుకు దూకి కాలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు తన అన్నం కోసం దూకుతానంటే మనం దుర్వినియోగం అని రాస్తున్నాం." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని నా కాగితం తీసుకున్నారు. "పంపిస్తాను. ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను."

ఒప్పుకోలేదు. కాగితాలు వెనక్కి వచ్చాయి. రూలు దాటని ఆ మనిషి ఆ రూలు పుస్తకంలోనే వెతికి, పేషెంటు జీవనోపాధికి తగిన అవయవం అనే మాట పట్టుకుని మళ్లీ పంపారు. మరుసటి వేసవిలో మంజూరు వచ్చింది. అప్పటికే దండాసి, మంజూరు కోసం ఆగకుండా మేం ఇచ్చేసిన ఆ కాలితో, ఒక వేట కాలమంతా గడిపేశాడు. కార్డు మీద రెండో కాలు కూడా వచ్చింది, ఊళ్లో తిరగడానికి, పెళ్లిళ్లకు బూటు వేసుకోవడానికి.

తనను తిరగేసే ఆ పాత కాలితోనే వేట మానకుండా ఉండగలిగిన ధైర్యం అతనికి ట్రైనింగు ఇచ్చిందా, సముద్రం ఇచ్చిందా అని నాకు ఇప్పటికీ తెలియదు. అంత ధైర్యాన్ని దగ్గర నుంచి చూశాక మాత్రం నా పని నాకు కొత్తగా కనిపించింది. అంతవరకూ నేను కాలును మనిషి కొలతలకు చేసేదాన్ని. అతను నిలబడే చోటును కొలవాలని నాకు ఎవరూ నేర్పలేదు.

పోయిన ఏడాది పొలసర నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అతనిదీ ట్రైనింగు గాయమే, మోకాలి కింద పోయింది. వాళ్ల నాన్న గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కుర్రాడు కుర్చీలో కూర్చుని ముందుగా అడిగింది ఒక్కటే.

"నేను మల్లీ పరిగెట్టగలనా మేడమ్?"

పాత రోజుల్లో అయితే అద్దం ముందు నిలబెట్టి, మిగిలిన కాలి పొడవు కొలిచి, నాకు తెలిసిన జవాబేదో చెప్పి ఉండేదాన్ని. టేపు పక్కన పెట్టాను.

"నువ్వు రోజూ ఎక్కడ పరిగెట్టేవాడివి?"

"మా ఊరి కాలవ గట్టు మీద మేడమ్."

"ఆ గట్టు నేను సూడాల. ఎప్పుడు రమ్మంటావు?"

అతను నా మొహంలోకి చూశాడు, హాస్యమాడుతున్నానేమో అని. తర్వాత గుమ్మం దగ్గరున్న తండ్రి వైపు తిరిగి, "నాన్నా, మేడమ్ మన గట్టు సూడ్డానికి వస్తాదంట" అన్నాడు.